గుల్ల కాంక్రీటు: ఫుట్‌పాత్‌కు సరే, స్లాబుకు వద్దు

కాంక్రీటులో ముప్పాతిక దాకా ఉండేది కంకర, ఇసుకే. ఆ కంకర కోసమే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గుట్టలు ఒక్కొక్కటిగా క్రషర్లకు చేరుతున్నాయి. కాబట్టి కంకరకు బదులు సముద్రపు గుల్లల వ్యర్థాన్ని వాడదామన్న మాట ఎవరికైనా నచ్చుతుంది. మాకూ నచ్చింది, కొన్ని షరతులతో.

గుల్లలో దాదాపు 95 శాతం కాల్షియం కార్బోనేటే. దాన్ని కాల్చి తీసిన గుల్ల సున్నాన్ని మన పెద్దలు గోడలకూ వాడారు, తాంబూలానికీ వాడారు. కంకరగా వాడటం వేరే సంగతి. గుల్ల ముక్కలు పలచగా, వంపుగా ఉంటాయి. నున్నటి వైపు సిమెంటు సరిగా పట్టదు, ముక్కల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. మాలు బిర్రుగా ఉందని మేస్త్రీ మరో బకెట్ నీళ్లు పోస్తే ఉన్న బలమూ పోతుంది. గుల్లల పాళ్లు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. గుల్లలకు అంటిన ఉప్పు కాంక్రీటులోని ఇనుప కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. అందుకే మంచినీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, పగలగొట్టి, జల్లెడ పట్టాలి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మన ఊళ్లలో ఆ నీళ్ల ఖర్చు కూడా లెక్కలోకి రావాలి.

కంకర, ఇసుకలకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 383ను 2016లో సవరించినప్పుడు స్టీల్ స్లాగ్‌కూ (ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం), పాత కాంక్రీటు ముక్కలకూ చోటిచ్చారు. గుల్లల ఊసు లేదు. కాబట్టి స్లాబులు, పిల్లర్ల జోలికి పోకూడదు. ఇనుము లేని ఫుట్‌పాత్ టైల్స్, పార్కుల్లో నడకదారులు, వాననీరు ఇంకే బ్లాకుల్లో ప్రయత్నించవచ్చు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. తిరుపతి కార్పొరేషన్ ఒక వీధిలో టైల్స్ పరిచి, వాటి బలాన్ని ఈ ల్యాబుల్లో పరీక్ష చేయించి చూడాలి.

మా అసలు భయం పులికాట్ సరస్సు గురించి. 2022లో జిల్లాల విభజనతో ఆంధ్ర వైపు పులికాట్ తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ సరస్సు అడుగున పాత గుల్లల మేటలున్నాయి. సున్నం కోసం వాటిని తవ్వడం పాత కథే. గుల్లలకు గిరాకీ పెరిగితే జేసీబీ ముందు వెళ్లేది అక్కడికే. మాంసం తీశాక పారేసిన గుల్ల వ్యర్థం అవుతుంది, సరస్సు అడుగున ఉన్నది కాదు. బతికున్న ఆల్చిప్పలు నీటిని వడకడతాయి. ఫ్లెమింగోలు వచ్చే ఆ నీళ్లను కెలికి ఇక్కడ పర్యావరణహిత టైల్స్ పరుస్తామంటే నవ్వుకోవాల్సిందే.

నిజానికి ఆల్చిప్పలు తినేవాళ్లు మన దగ్గర తక్కువ, కాబట్టి అలా పారేసే గుల్లలూ తక్కువే. కేరళ నుంచి లారీల్లో తెప్పిస్తే డీజిల్ ఖర్చే కంకర ధరను దాటుతుంది. గ్రానైట్ క్వారీల పక్కన గుట్టలుగా పడున్న రాతి వ్యర్థం, తిరుపతిలో కూల్చిన ఇళ్ల శిథిలాలు ఇంతకంటే దగ్గర్లోనే ఉన్నాయి. అధికారులు ముందు వాటిని చూడాలి. ఆ తర్వాత గుల్లలకు టెండరు పిలిస్తే, సరుకు ఎక్కడిదో ప్రతి లోడుకూ కాంట్రాక్టరు రాతపూర్వకంగా చూపాలని, చూపలేకపోతే బిల్లు ఆపుతామని అందులోనే రాయాలి.