పాఠంలో కిన్నెర ఉంటే చాలదు

నార్త్ కరోలినా కొండల్లోని స్పార్టా అనే చిన్న ఊళ్లో హెలెన్ వైట్ అనే స్కూల్ కౌన్సెలర్ 2000లో ఒక మంచి పని మొదలుపెట్టారు. బడి వదిలాక పిల్లల్ని కూర్చోబెట్టి ఫిడిల్ (వయొలిన్), బాంజో అనే తీగ వాద్యం, గిటార్ నేర్పించడం. ఆ కొండల పాటలే పాఠాలు, చుట్టుపక్కల వాద్యకారులే గురువులు. ఎదురుగా స్వరాలు రాసిన కాగితం పెట్టరు, విని పట్టుకోవాల్సిందే. జూనియర్ అపలాచియన్ మ్యుజీషియన్స్, పొట్టిగా ‘జామ్’, ఆ తర్వాత పక్క రాష్ట్రాలకూ పాకింది.

అసలు బడి ఎందుకు పూనుకోవాల్సి వచ్చింది? ఆ ప్రాంతపు గొప్ప ఫిడ్లర్ టామీ జారెల్ (1901–1985)కి సంగీతం ఇంట్లోనే దొరికింది. తండ్రి వాయిస్తుంటే చూసి నేర్చుకున్నాడు. ఊరంతా కలిసి పని చేసుకుని, రాత్రికి ఎవరో ఒకరి ఇంట్లో డాన్సు పెట్టుకునే రోజులవి. రేడియో వచ్చింది, మిల్లు ఉద్యోగాలు వచ్చాయి, ఆ రాత్రులు తగ్గిపోయాయి. జారెల్ పెద్దవయసులో ఆయన ఇంటికి వచ్చి నేర్చుకున్నవాళ్లలో చాలామంది దూర రాష్ట్రాల యువకులు. వాళ్ల వల్ల ఆ బాణీ బతికింది, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ కొండల్లోనే పుట్టిన పిల్లల మాటేమిటి? జామ్ అవసరం అక్కడే ఉంది.

ఈ ప్రయత్నం నిలబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. వర్జీనియాలోని గేలాక్స్‌లో 1935లో మొదలైన ఫిడ్లర్ల పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, పిల్లలకు విడిగా పోటీలున్నాయి. నేర్చుకున్నది నలుగురిలో వాయించే చోటు లేకపోతే ఏ క్లాసైనా రెండేళ్లలో మూతపడుతుంది.

ఈ పిల్లలకు ఒక విషయం తప్పకుండా చెప్పాలి. బాంజో మూలం ఆఫ్రికాది, బానిసలుగా తెచ్చినవాళ్లు అమెరికాకు ఇచ్చిన వాద్యం. జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడ్లర్ దగ్గర గాయని, వాద్యకారిణి రియానన్ గిడెన్స్, ఆమె స్నేహితులు కూర్చుని నేర్చుకోకపోతే ఆ నల్లజాతి బాణీ ఆయనతోనే ఆగిపోయేదేమో.

మన దగ్గర పరిస్థితి దీనికి తిరగేసి ఉంది. చోటుకి కొదవ లేదు, నేర్పే ఏర్పాటే లేదు. కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఏటా జరుగుతుంది, మేడారం రెండేళ్లకోసారి. గోండుల కథలు వాటిని పాడే తోటీ తెగవాళ్ల కిక్రీ అనే తీగ వాద్యం మీద, సమ్మక్క కథ కోయ డోలి కళాకారుల గొంతులో నడుస్తాయి. ఆ డోలి కళాకారుల్లో ఒకరైన సకిని రామచంద్రయ్యకు, కిన్నెర అనే తీగ వాద్యం వాయించే మొగిలయ్యకు 2022లో పద్మశ్రీలు వచ్చాయి. రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. మొగిలయ్య కళ తెలంగాణ ఎనిమిదో తరగతి పుస్తకంలోకి ఎక్కింది. సంతోషమే. కానీ ఆ పాఠం చదివి మార్కులు తెచ్చుకునే పిల్లల్లో కిన్నెర తీగ మీటి చూసినవాళ్లు ఎంతమంది?

గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో వారానికి రెండు సాయంత్రాలు ఈ వాద్యాలు నేర్పడానికి కేటాయించడం ఐటీడీఏలకు (గిరిజనాభివృద్ధి సంస్థలకు) పెద్ద భారం కాదు. సన్మానం చేసి, శాలువా కప్పి పంపడం కాకుండా, ఆ కళాకారుడికి టీచర్‌కి ఇచ్చినట్టు నెలనెలా జీతం ఇవ్వాలి. ఇక్కడ తొందరపడకూడని సంగతి ఒకటుంది. తోటీలకు కిక్రీ వంశపారంపర్యంగా వచ్చిన హక్కు, బతుకుతెరువు కూడా. ఏ కథ ఎవరికి నేర్పాలో, ఏది బడిలో పాడకూడదో ఆ పెద్దలే తేల్చాలి, అధికారులు కాదు. వాద్యాలు కూడా పట్నం షాపులో టెండర్ వేసి కొనకుండా, వాటిని చేయడం తెలిసినవాళ్ల చేతే పిల్లల ముందు చేయించాలి.