మందు గొర్రెకు, రోగం చెరువులో

సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాల్లో నాట్లు వేసే కూలీలకు కాళ్లు దురద పెట్టడం మామూలే. యూరియా వల్లనో, బురద పడకనో అనుకుని కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మడిలోకి దిగుతారు. ఆ దురదకు ఒక నత్త కూడా కారణం కావచ్చని ఎవరికీ తట్టదు.

దాని పేరు ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్. మనవాళ్లు కూర వండుకునే పెద్ద నత్త కాదిది. జంతిక చుట్టలా చప్పిడిగా ఉంటుంది, వెడల్పు మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు. చిదిమితే ఎర్రటి రసం కారుతుంది. మన రక్తంలో ఉన్నట్టే దీనికీ హిమోగ్లోబిన్ ఉంది. పేడ కలిసి గాలి ఆడని చెరువు అంచుల్లోనూ అందుకే హాయిగా బతుకుతుంది. నీళ్లు తగ్గితే బురదలో దాక్కుంటుంది. ఈ ప్రజాతిలో ఒకే జాతి ఉందని చాలాకాలం అనుకున్నారు. జన్యు పరీక్షలు చేశాక, పైకి ఒకేలా కనిపించేవాటిలో వేర్వేరు వంశాలున్నాయని తేలింది.

పశువుల రక్తనాళాల్లో బతికే షిస్టోసోమా అనే సన్నటి పురుగుల్లో (వీటినీ జలగలనే అంటారు, కాలికి పట్టే జలగ కాదు) కొన్ని పిల్లలుగా పెరిగేది ఈ నత్తలోనే. వాటిలో ఒకటి ఆవులు, ఎడ్ల ముక్కులో కండ పెంచి గురక రోగం తెస్తుంది. ఆ జలగను 1933లో మద్రాసులో రావు అనే పశువైద్యుడు వర్ణించారు. బర్రెల్లో లక్షణాలు పెద్దగా కనిపించవు, కానీ పొద్దంతా చెరువులో పడుకుని చీమిడితో గుడ్లు వదిలేది అవే. గుడ్డు నుంచి వచ్చిన జలగ పిల్ల ఈ నత్తలో చేరి వేలల్లో పెరిగి, మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నత్తను గాజు గ్లాసు నీళ్లలో వేసి ఎండలో పెడితే, రోగమున్నదైతే తోకలాడించే చుక్కలు బయటికొస్తాయి. ఇవి పశువు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. మనిషి చర్మంలోనైతే దురద పుట్టించి అక్కడే చస్తాయి.

పొట్ట జలగలను మోసేదీ ఈ నత్తే. వాటి పిల్లలు గడ్డికి అంటుకుంటాయి కాబట్టి గొర్రెలను చెరువు అంచు గడ్డికి పోనీయకపోతే కొంత మేలు. షిస్టోసోమాకు మాత్రం గడ్డితో పని లేదు, నీళ్లలో నిలబడితే చాలు.

మన లెక్కలన్నీ వేరే దిక్కున ఉన్నాయి. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైంది. 2017 నుంచి 75 శాతం సబ్సిడీతో గొర్రెల కాపరుల సంఘాల్లో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువుకు కృష్ణా నీళ్లొచ్చాయి. అన్నీ మంచివే, కాదనను. అయితే నీళ్లు ఎక్కువ కాలం నిలిచే చోట నత్తకూ అంతే మేలు. పశువైద్య శిబిరంలో ఎన్ని గొర్రెలకు నట్టల మందు తాగించారో రాసుకుంటారు, చెరువులో నత్తలెన్నో చూడరు. పైగా ఫెన్‌బెండజోల్ లాంటి నట్టల మందు ముఖ్యంగా గుండ్రటి పురుగులకే గానీ రక్తంలోని జలగకు పనిచేయదు.

నత్తలను చంపడానికి మైలుతుత్తం చల్లితే చేపలూ పోతాయి, మత్స్య సంఘాలు ఊరుకోవు, ఊరుకోకూడదు కూడా. మిగిలింది పశువును చెరువులోకి దిగనీయకపోవడం. దానికి ఉపాధి హామీ కింద కట్టిన నీటితొట్లున్నాయి. అవి చాలాచోట్ల ఎండిపోయి కనిపిస్తాయి. తొట్లు నింపే బోరు కరెంటు బిల్లు పంచాయతీ కట్టాలా, పశుసంవర్ధక శాఖ కట్టాలా అన్నది ముందు తేల్చాలి.