బూటు నోరు తెరిచింది

మా ఇంట్లో కొన్న ప్రతి వస్తువుకీ రెండు జన్మలుంటాయి. మొదటిది అట్టపెట్టెలో, రెండోది మనుషుల మధ్య. చాలామటుకు మొదటి జన్మలోనే తరించిపోతాయి. మా పెళ్లికి వచ్చిన గాజు డిన్నర్ సెట్టు "ఎవరైనా వస్తే తీద్దాం" అని ముప్పయ్యేళ్లుగా అలాగే ఉంది. ఎవరు వచ్చినా, ఆ "ఎవరైనా" వీళ్లు కారని నేనూ మా ఆవిడా కళ్లతోనే తేల్చేసుకుంటాం.

అలాంటి ఇంట్లోకి 2015లో ఒక జత ట్రెక్కింగ్ బూట్లు వచ్చాయి. ఆరువేల ఎనిమిది వందలు. నా జీవితంలో కాళ్ల కింద అంత డబ్బు ఎప్పుడూ పెట్టలేదు. ఆ ఏడాది హిమాలయాలకి వెళ్దామనుకున్నాం. ఈలోగా మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది కాబట్టి ప్రయాణం ఆగింది. "హిమాలయాలు ఎక్కడికి పోతాయిరా" అన్నారు మా నాన్నగారు. నిజమే, అవి పోలేదు. పోయింది వేరేది.

బూట్లని నేను చూసుకున్నంత జాగ్రత్తగా మా అమ్మ నన్ను చూసుకుందో లేదో అనుమానమే. లోపల పాత పేపర్లు కుక్కి, రెండు కలరా ఉండలు వేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని అటక మీద పెట్టాను. ఏటా ఆయుధపూజ నాడు దింపి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకసారి చూసుకుని మళ్లీ ఎక్కించేవాణ్ని. ఒక ఏడు స్కూటర్‌తో పాటు వాటికీ బొట్టు పెట్టబోతే "కాళ్లకేసుకునే వాటికి బొట్టేమిటండీ" అని మా ఆవిడ కుంకుమ భరిణె లాక్కుంది. "కాళ్లకి వేసుకుంటే కదా" అన్నాను. అది ఎంత పెద్ద మాటో నాకప్పుడు తెలియదు.

మాది విశాఖపట్నం. ఇనప గేటుకి రంగు వేసిన ఏడాదికే తుప్పు పొక్కులొచ్చే ఊరు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారే ఊరు. ఈ ఊరి గాలి గేటుని తినేస్తుంది గానీ అటక మీది బూటుని మాత్రం వదిలేస్తుందని నా నమ్మకం.

కిందటి దసరా సెలవులు ఇంకా నెల పైన ఉన్నాయనగా మా బావమరిది కదిలించాడు. ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే బోర్డు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. "బావగారూ, దయారా బుగ్యాల్ వెళ్దాం. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా. మూడు రోజుల నడక, కొత్తవాళ్లు కూడా ఎక్కేస్తారు" అన్నాడు. బుగ్యాల్ అంటే గఢ్వాల్ వాళ్ల మాట. అడవి ఆగిపోయి, మంచు ఇంకా మొదలవని ఎత్తులో ఉండే పచ్చిక మైదానం. ఎండాకాలంలో మంచు కరిగాక ఊళ్లవాళ్లు పశువుల్ని పైకి తోలుకెళ్తారు. ఆగస్టులో, కిందికి దిగే ముందు, ఇచ్చిన పాలకి కొండకి దండం పెట్టి వెన్నతోనూ మజ్జిగతోనూ హోలీ ఆడతారు. వెన్న పూసుకుని ఆడటమేమిటని మా ఆవిడ రెండు రోజులు మథనపడింది. కిలో ఎంతో ఆవిడకి తెలుసు.

"బావగారూ, ఆ పాత బూట్లు వద్దు, కొత్తవి కొనుక్కోండి" అన్నాడు వాడు. పాతవా! ఒక్కరోజు కూడా వేసుకోనివి పాతవెలా అవుతాయి? నాకు కోపం వచ్చింది.

నెల రోజులు తర్ఫీదు నడిచింది. రోజూ పొద్దున్నే కైలాసగిరి మెట్లెక్కి దిగేవాళ్లం. ట్రెక్కింగ్ బూట్లు ముందే వేసుకుని అలవాటు చేసుకోవాలని అందరూ చెప్పారు. నేను మాత్రం కైలాసగిరికి నా పాత వాకింగ్ షూస్ వేసుకునే వెళ్లాను. ఆరువేల ఎనిమిది వందలవి మెట్ల మీద అరగదీస్తారా ఎవరైనా? అప్పుడే వేసుకుని ఉంటే, జరగవలసింది కైలాసగిరి మీదే జరిగి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేసేవాణ్ని.

ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ చేరి, అక్కణ్నించి రోజంతా మలుపులు తిరిగి, భట్వారీ పైనున్న రైథల్ అనే ఊళ్లో దిగాం. ఏడువేల అడుగుల పైనే ఉంటుంది. కర్రా రాయీ కలిపి కట్టిన ఇళ్లు, కింద ఎక్కడో భాగీరథి. పొలాల్లో ఎర్రగా కంకులు. అదేమిటని అడిగితే చౌలాయీ అన్నారు. దగ్గరికెళ్లి ఆకు చూసి "తోటకూరేనండీ!" అంది మా ఆవిడ, పుట్టింటివాళ్లు కనిపించినంత సంబరంగా.

మర్నాడు పొద్దున్న బూట్లు పెట్టెలోంచి తీశాను. మా గైడు, ఇరవై రెండేళ్ల కుర్రాడు, కిందికి చూసి "కొత్తవా అంకుల్ జీ?" అన్నాడు.

"తొమ్మిదేళ్లయింది. ఒక్కసారి కూడా వేసుకోలేదు" అన్నాను గర్వంగా.

వాడు ఏమీ అనలేదు. వెళ్లి తన సంచిలో ఏదో సర్దుకున్నాడు. అది టేపూ గమ్ ట్యూబూ అని తర్వాత తెలిసింది.

మొదటిరోజు ఓక్ చెట్ల మధ్య మెత్తటి దారి. బూట్లు రాజాల్లా నడిచాయి. ఆ రాత్రి గుయీ అనే చోట డేరాలు. పైన పచ్చిక మీద రాత్రిళ్లు ఉండకూడదని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది కాబట్టి కిందే పడుకుని, పొద్దున్నే పైకెళ్లి, మళ్లీ కిందికి దిగిపోవాలి. చలికి పళ్లు తాళం వేస్తున్నాయి. నేను ప్యాంటు లోపల పైజమా కూడా తొడుక్కుని పడుకున్నాను. పొద్దున్న దాన్ని విప్పే ధైర్యం లేక అలాగే బయల్దేరాను. ఈ పైజమాని గుర్తుపెట్టుకోండి.

రెండోరోజు గంటన్నర నడిచాక ఎక్కణ్నుంచో చప్పట్లు వినిపించాయి. చప్, చప్, చప్. నేను ఆగితే ఆగుతున్నాయి, నడిస్తే మోగుతున్నాయి. మా ఆవిడ నా వెనకే వస్తోంది. "మీ దగ్గర్నించేనండీ" అంది. "చెప్పులు కాదుగా చప్పుడు చెయ్యడానికి, బూట్లు" అన్నాను.

ఇంకో పావుగంటకి చెట్లు హఠాత్తుగా అయిపోయాయి. తెర తీసినట్టు మైదానం. అక్టోబరు కాబట్టి గడ్డి పచ్చగా లేదు, కోతకొచ్చిన వరి రంగులో కొండ భుజాల మీదుగా ఎంతదూరమో పరుచుకుని ఉంది. దాని వెనక తెల్లగా బందర్‌పూంఛ్, 6,316 మీటర్లు. లంక కాల్చి వచ్చిన హనుమంతుడు తోక చల్లార్చుకున్న కొండ అంటారు.

"ఏమండీ, అటు చూడండి!" అంది మా ఆవిడ.

"ముందు నువ్విటు చూడు" అన్నాను.

కుడి బూటు నోరు తెరిచింది. మొసలి తెరిచినట్టు తెరిచింది. లోపల నా ఊలు మేజోడు నాలుకలా కనిపిస్తోంది. ఇంకో అడుగు వేసేసరికి అట్ట అట్టంతా మడమ దగ్గర్నించి కూడా ఊడి, నేను ముందుకి వెళ్లిపోయాను, అది వెనక ఉండిపోయింది.

మా బావమరిది దాన్ని ఎత్తి, ఎండకి పట్టి, మధ్యనున్న నురుగులాంటి పొరని వేలితో నొక్కాడు. పాత రస్కులా పొడిపొడిగా రాలింది. వాడి మొహం వెలిగిపోయింది. చెయ్యి గాల్లోకి లేచింది.

"బావగారూ, దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. ఈ మధ్య పొర పాలీయురేథేన్. గాల్లో తేమ దీని బంధాల్ని ఒక్కొక్కటిగా తెంచుకుంటూ పోతుంది. పైకి ఏమీ తెలీదు. వేసుకున్నా వేసుకోకపోయినా జరిగేదే. మీరు వైజాగ్ గాల్లో తొమ్మిదేళ్లు పెట్టారు, పైగా కవర్లో చుట్టి, లోపలి తేమ లోపలే ఉండేలా."

నేను ఒంటికాలి మీద నిలబడి వింటున్నాను. ఇంత శ్రద్ధగా వినే విద్యార్థి వాడికి ఎప్పుడూ దొరికి ఉండడు. ఎక్కడికీ కదల్లేను కదా.

"నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు అంకుల్ జీ" అన్నాడు గైడు ఓదార్పుగా. "ఎప్పుడూ ఖరీదైన బూట్లే. ఎప్పుడూ ఒక్కసారి కూడా వేసుకోలేదనే అంటారు."

మా ఆవిడ ఒకసారి తన కాళ్లకేసి చూసుకుంది. మూడేళ్లుగా రోజూ బీచ్ రోడ్డులో అరగదీసిన షూస్, నిక్షేపంలా ఉన్నాయి. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

చికిత్స మొదలైంది. ముందు గమ్ పూశారు. గమ్ అంటుకోవాలంటే అవతల గట్టిగా ఏదో ఒకటి ఉండాలి. ఇక్కడున్నది పొడి. గమ్ పొడికి అంటుకుంది, పొడి నా చూపుడువేలికి అంటుకుంది, బూటు ఎవరికీ చెందకుండా ఉండిపోయింది. తర్వాత టేపు చుట్టారు. గడ్డి మీద రాత్రి పట్టిన మంచు అప్పుడే కరుగుతోంది. తడికి టేపు జారి, ఇరవై నిమిషాల్లో చీలమండకి కడియంలా ఎక్కి కూర్చుంది. "గట్టి తాడేమైనా ఉందా?" అన్నాడు గైడు. అందరం సంచులు వెతికాం. లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నా దగ్గర తాడుంది. పైజమా బొందు.

బొందు లాగడానికి ఒక చాటు కావాలి. చెట్టు మొలవలేని ఎత్తు కాబట్టే అది బుగ్యాల్ అయింది. కనుచూపు మేర నా మోకాలంత ఎత్తు మొక్క కూడా లేదు. దూరంగా పశువుల కాపరులు వేసవిలో ఉండే రాతి గుడిసె ఒకటి కనిపించింది. అక్టోబరుకి వాళ్లు దిగిపోతారు కాబట్టి ఖాళీ. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతో అక్కడిదాకా కుంటి, వెనక్కి వెళ్లి, బందర్‌పూంఛ్ ఒక్కటే చూస్తుండగా ప్యాంటు వదులు చేసి బొందు లాగాను. వాయుపుత్రుడు ఎన్నో చూసి ఉంటాడు, ఇది చూసి ఉండడు.

బొందు కట్టగానే బూటు ఆగింది. పైజమా ఆగలేదు. ప్యాంటు లోపల ప్రతి పది అడుగులకీ ఒక అంగుళం చొప్పున దిగడం మొదలుపెట్టింది. మేం పైకెక్కుతున్నాం, అది కిందికి దిగుతోంది. పన్నెండువేల అడుగుల చేరువలో అసలే ఊపిరి అందదు. అందిన కాస్తా పైజమా పైకి లాక్కోడానికే సరిపోయింది.

గైడు మాత్రం గడ్డిలో వంగి నా బూటు పొడి ఏరుతున్నాడు. పచ్చిక మీద ప్లాస్టిక్ ముక్క వదలకూడదట. పెళ్లిలో తలంబ్రాలు ఏరినట్టు మా ఆవిడా కూర్చుని ఏరింది. అప్పుడు నోరు విప్పింది.

"రాముడి పాదుకలు పద్నాలుగేళ్లు సింహాసనం మీద ఊరికే కూర్చున్నా ఏమీ కాలేదు. మీవి తొమ్మిదేళ్లకే ఇలా అయ్యాయేమిటండీ?"

"అవి కర్రవి అక్కా" అన్నాడు మా బావమరిది. "పాలీయురేథేన్ కాదు."

"పోనీ అవి విప్పేసి నడవండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు ఉత్తకాళ్లతో చేశారుగా."

అక్కడ దారిపొడుగునా మజ్జిగ ఇచ్చేవాళ్లుంటారని, రోడ్డు మీద మంచు పట్టదని చెప్పబోయాను. పైజమా జారింది. ఊరుకున్నాను.

పైన గంటసేపు కూర్చున్నాం. నిజానికి అంత అందమైన చోటు నేను మళ్లీ చూస్తానో లేదో. కానీ ఫొటోలన్నిట్లోనూ నేను నడుం దగ్గర చెయ్యి పెట్టుకునే ఉన్నాను. చూసినవాళ్లంతా "ఎంత ఠీవిగా ఉన్నారండీ" అంటున్నారు.

దిగేటప్పుడు ఎడమ బూటు కూడా పోయింది. అన్నదమ్ములు కదా.

డేరాల దగ్గర మా సామాను మోసే కంచరగాడిదలవాడు నన్ను పాదాల నుంచి తల దాకా చూశాడు. వాడి కాళ్లకి గుడ్డ బూట్లు. ఏడాదంతా ఇదే కొండ, అవే బూట్లు. లోపలికెళ్లి వర్షాలకి వేసుకునే నల్లటి గమ్ బూట్లు తెచ్చిచ్చాడు. పదో నంబరు. నాది ఎనిమిది. మూడు జతల మేజోళ్లు వేసి అందులోకి దిగాను. మర్నాడు రైథల్ దాకా గుబుక్ గుబుక్ మంటూ దిగుతుంటే, ఎదురొచ్చే ట్రెక్కర్లు నన్ను స్థానికుడనుకుని దారి అడిగారు. ఒకళ్లకి చెప్పాను కూడా.

డబ్బిస్తే వాడు పుచ్చుకోలేదు. నా బూట్ల పైభాగం చూసి "ఇది ఇచ్చెయ్యండి సాబ్, తోలు బాగుంది" అన్నాడు. ఇవ్వాల్సింది. మా ఆవిడ "ఇచ్చెయ్యండి" అంది. గైడూ అన్నాడు. కానీ పైన చూస్తే కొత్తది, గీత కూడా లేదు. నా చేతులు రాలేదు. వాడికి నా టార్చిలైటూ కొత్త మంకీ క్యాపూ ఇచ్చి, అట్టలు లేని బూట్లని కవర్లో చుట్టి విశాఖపట్నం తెచ్చాను.

జగదాంబ జంక్షన్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "పైన సరుకు కొత్తదండి బాబూ" అని మెచ్చుకుని, టైరు అట్ట వేసి చుట్టూ కుట్టాడు. నాలుగు వందలు. ఒక్కోటి కిలో బరువుంది. ఇంటికి తెచ్చి, తుడిచి, పెట్టె కోసం అటకెక్కాను. పెట్టె లేదు.

"పాత పేపర్లవాడికి వేసేశాను" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "వేసుకుని వెళ్లి కూరలు పట్రండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం చీలమండల దాకా తాళ్లు బిగించుకుని, ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వాటితోనే వెళ్తున్నాను. మొదటివారం వంకాయలమ్మే ఆవిడ నా కాళ్లకేసి చాలాసేపు చూసింది.

"ఏ కొండకి బాబూ పెయాణం?"

"అరకిలో ఇవ్వమ్మా" అన్నాను. "పుచ్చులు లేకుండా చూడు."