పదేళ్లు డ్యూటీ చేస్తే చాలు, చదువెందుకు అంటున్నవారికి

ఈ మధ్య నర్సుల గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "నర్సింగ్ చేతిలో ఉంటుంది, పుస్తకంలో కాదు. పదేళ్లు వార్డులో చేసిన సిస్టర్‌కి తెలిసినంత ఏ డిగ్రీ చదివినా రాదు. డిగ్రీ వల్ల పేషెంట్‌కి ఒరిగేదేమీ లేదు. డాక్టర్ రాసింది చేయడానికి పరిశోధనలు ఎందుకు? మంచి మనసుంటే చాలు." నాకు పంపినవాళ్లలో నా పాత స్టూడెంట్లు కూడా ఉన్నారు. వార్డులో కొన్నేళ్లు, తరగతిలో మరికొన్నేళ్లు గడిపినదాన్ని. చూసి ఊరుకోలేకపోయాను.

మొదట ఆ పదేళ్ల మాట. అందులో నిజం ఉంది. కొత్త నర్సు నుంచి నిపుణురాలి దాకా ఐదు మెట్లు ఉంటాయని నర్సింగ్ పరిశోధకురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో వివరించారు. పై మెట్టుకు చేరిన నర్సు గుమ్మంలో నిలబడి చూసి, బీపీ పడిపోకముందే "ఈ పేషెంట్ బాగాలేడు" అంటుంది. ఆ చూపు పుస్తకం చదివితే రాదు. అయితే ఏళ్లు గడవడాన్నే అనుభవం అనలేమని కూడా బెన్నరే చెప్పారు. మనం అంతకుముందు అనుకున్నదాన్ని ఎదుట ఉన్న పేషెంట్ సరిదిద్దితే, అది అనుభవం.

ఆ సరిదిద్దడం జరగకపోతే ఏమవుతుందో నా సంగతే చెబుతాను. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి దింపే గొట్టం) వేశాక సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినాలని మా సీనియర్ సిస్టర్ నేర్పారు. ఏళ్ల తరబడి అలాగే చేశాను. ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి పోయినా, అన్నవాహికలోనే ఆగినా అదే శబ్దం వినిపించవచ్చని చాలా ఆలస్యంగా చదివాను. ట్యూబ్ నుంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉందా, అంటే అది పొట్టలోని ఆమ్లమేనా అని చూడాలి, లేదంటే ఎక్స్‌రే తీయాలి. మరి అన్నేళ్ల అనుభవం నాకు ఈ మాట ఎందుకు చెప్పలేదు? ట్యూబ్ ఎక్కువసార్లు సరైన చోటికే వెళ్తుంది. కాబట్టి శబ్దం విన్న ప్రతిసారీ నా పద్ధతి సరైనదేనన్న నమ్మకం బలపడింది. తప్పు పద్ధతి కూడా చాలాసార్లు సరైన ఫలితమే ఇస్తే, వెయ్యిసార్లు చేసిన చేయి కూడా దాన్ని పట్టుకోలేదు. చాలామంది పేషెంట్ల లెక్కలు ఒకచోట పెట్టి పోల్చినప్పుడే అది బయటపడుతుంది. పరిశోధన అంటే అదే.

బెడ్‌సోర్‌లదీ, అంటే కదలకుండా పడుకున్న పేషెంట్‌కి ఒత్తిడి వల్ల పడే పుండ్లదీ, ఇదే కథ. ఒకప్పుడు ఒత్తిడి పడే చోట చర్మాన్ని రుద్దేవాళ్లు, రకరకాలవి పూసేవాళ్లు. అన్నీ అనుభవం పేరుతో నేర్పినవే. డొరీన్ నార్టన్ అనే నర్సు, సహచరులతో కలిసి వృద్ధుల వార్డుల్లో పరిశీలన చేసి 1962లో ప్రచురించారు. పైపూతల కన్నా ఒత్తిడి తగ్గించడం, పేషెంట్‌ని వేళకు పక్కకు తిప్పడం ముఖ్యమని తేలింది. ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే అంచనా వేసే నార్టన్ స్కేల్ కూడా అక్కడి నుంచే వచ్చింది. వార్డులో నిలబడి ప్రశ్న వేసిన నర్సు ఆమె. వార్డునీ పుస్తకాన్నీ విడదీసి మాట్లాడేవాళ్లు ఇది గమనించాలి.

"డిగ్రీ వల్ల పేషెంట్‌కి ఒరిగేదేమీ లేదు" అన్న మాటకు లెక్కలతోనే జవాబు చెప్పాలి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో 9 యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రుల నుంచి 4 లక్షలకు పైగా సర్జరీ పేషెంట్ల వివరాలు ప్రచురించింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే, చేరిన 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనం. డిగ్రీయే ప్రాణం నిలిపిందని దీంతో నిరూపించలేం, డిప్లొమా చేసిన సిస్టర్ తక్కువదని అసలే అనలేం. ఇదే అధ్యయనంలో ఒక్కో నర్సుకి ఒక్క పేషెంట్ అదనంగా పెరిగితే మరణావకాశం 7 శాతం ఎక్కువైంది. చదివించి, ఆపైన మోయలేనంత డ్యూటీ వేస్తే ఆ చదువు పేషెంట్ దాకా చేరదు. ఈ సగం ఎవరూ షేర్ చేయరు, నాకు బాధ కలిగించేది అదే.

డాక్టర్ రాసింది చేయడమే కదా అంటారా? అర్ధరాత్రి పేషెంట్ ఆయాసపడుతుంటే పక్కన ఉండేది నర్సు. డాక్టర్‌ని ఇప్పుడే లేపాలా, పది నిమిషాలు చూడాలా అన్నది ఏ ఆర్డర్‌లోనూ రాసి ఉండదు.

ఇక మంచి మనసు. అది లేకపోతే ఈ పనికి రావద్దనే చెబుతాను. కానీ నర్సుకి కావలసిన తెలివిడి నాలుగు రకాలని నర్సింగ్ పండితురాలు బార్బరా కార్పర్ 1978లోనే రాశారు: శాస్త్రం, పనిలోని కళ, తనను తాను ఎరిగి ఉండడం, నీతి. అందులో మనసుకి చోటుంది, అదొక్కటే సరిపోదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ చేతిలో దీపం అందరికీ గుర్తుంది. క్రిమియా యుద్ధంలో గాయాల కన్నా నివారించగల జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని ఆమె లెక్కలు కట్టి, వాటిని చార్టులుగా గీసి చూపించిన సంగతి కూడా గుర్తుండాలి.

ఆ సందేశం పంపినవాళ్ల కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. తరగతిలో నోట్సు చెప్పి రాయిస్తాం. క్లినికల్ పోస్టింగ్‌లో (వార్డులో శిక్షణకు వెళ్లినప్పుడు) స్టూడెంట్‌ని అదనపు పనిమనిషిలా తిప్పుతారు. "ఎందుకు?" అని అడిగితే కసురుతారు. అలాంటి చదువు ఎవరికి పనికొస్తుంది? అందుకే పోస్టింగ్ నుంచి వచ్చేటప్పుడు, ఎందుకో తెలియకుండా చేసిన పని ఒకటి రాసుకొని రమ్మని మా స్టూడెంట్లకు చెబుతున్నాను. ఒకమ్మాయి, "మేడమ్, రాత్రి చార్టులో అందరికీ శ్వాస నిమిషానికి 20 అనే ఎందుకుంది?" అని అడిగింది. ఇద్దరం వెళ్లి, ఒక్కొక్కరి దగ్గర పూర్తి నిమిషం లెక్కపెట్టాం. నాలుగో బెడ్ దగ్గర 28 వచ్చింది, ఉండాల్సినదాని కన్నా ఎక్కువ. హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించడం) ముగిసేలోగా ఆ అమ్మాయే డాక్టర్‌కి ఫోన్ చేసింది.