యాభై ఆరు కంటే నలభై నాలుగే ఎక్కువ

ప్రజాస్వామ్యంలో మెజారిటీదే మాట అని మనం హైస్కూలు పౌరశాస్త్రంలో చదువుకున్నాం. ఆ పాఠం రాసినవాళ్లు ఫ్లోరిడా వెళ్లి ఉండరు. ఇరవై ఒకటో ఏడు దాటినవాళ్లకు గంజాయిని చట్టబద్ధం చేద్దామా అని 2024 నవంబరు 5న ఆ రాష్ట్రం తన ఓటర్లను అడిగింది. మూడో సవరణ అని దాని పేరు. ఓటేసినవాళ్లలో దాదాపు 56 శాతం మంది చేద్దామన్నారు, 44 శాతం మంది వద్దన్నారు. వద్దన్నవాళ్లు గెలిచారు. ఇదేం న్యాయం అని కొందరు గొణుగుతున్నారు. వాళ్లకు లెక్కలు రావు. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

ఫ్లోరిడాలో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలంటే నూటికి అరవై మంది ఒప్పుకోవాలి. ఎందుకంటే రాజ్యాంగం పవిత్రమైనది, ఏది పడితే అది అందులో చేరకూడదు. ఒకప్పుడు సగానికి పైగా ఓట్లు వస్తే చాలు అనేవారు. ఆ రోజుల్లో ఎంత అనర్థం జరిగిందంటే, కడుపుతో ఉన్న పందులను ఇరుకు బోనుల్లో బంధించరాదని 2002లో రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు. దానికి 55 శాతం ఓట్లు వచ్చాయి. పందుల యోగక్షేమాలు ఓ కొలిక్కి వచ్చాక పెద్దలకు మెలకువ వచ్చింది. ఇకమీదట అరవై శాతం రాని ఏ మాటా రాజ్యాంగంలోకి రాకూడదని 2006లో మరో సవరణ పెట్టారు. అది గెలిచింది. దానికి వచ్చింది 58 శాతం.

మళ్లీ చదవక్కర్లేదు, మీరు సరిగ్గానే చదివారు. అరవై తప్పనిసరి అనే నియమం యాభై ఎనిమిదితో గట్టెక్కింది. ఇందులో తప్పేముంది? నియమం పుట్టకముందే పుట్టిన నియమానికి ఆ నియమం ఎలా వర్తిస్తుంది? అన్నట్టు, 2006లో దాని నంబరు కూడా మూడే. పాత మూడో సవరణ 58తో లోపలికొచ్చి తలుపు గడియ పెట్టుకుంది, కొత్త మూడో సవరణ 56తో గుమ్మం బయట నిలబడింది.

ఈ అరవై పట్టింపు మనుషులకు మాత్రం లేదు. గవర్నర్ రాన్ డిశాంటిస్ 2018లో మొదటిసారి గెలిచినప్పుడు ఆయనకు సగం ఓట్లు కూడా రాలేదు, 49.6 శాతం. 2022లో బ్రహ్మాండమైన మెజారిటీ అన్నారు, దేశమంతా ఆశ్చర్యపోయింది. అప్పుడు వచ్చినవి 59.4. ఆయన మనిషి కాబట్టి సరిపోయింది. సవరణ అయ్యుంటే ఇంటికి వెళ్లాల్సిందే. గంజాయి ఓడిన రోజునే డొనాల్డ్ ట్రంప్ ఫ్లోరిడాలో గెలిచారు. ఆయనకూ సుమారు 56 శాతమే. అంటే ఆ రాష్ట్ర ప్రజలు ట్రంప్‌నూ గంజాయినీ దాదాపు ఒకే మోతాదులో కోరుకున్నారు. ఒకటి దొరికింది.

అదే బ్యాలెట్‌లో చేపలు పట్టే హక్కు, వేటాడే హక్కు రాజ్యాంగంలో చేర్చాలన్న సవరణకు 67 శాతం వచ్చి హాయిగా గెలిచింది. అంతకుముందు చేపలు పట్టుకుంటే ఎవరైనా అడ్డుపడ్డారా అని నన్ను అడగకండి. హక్కు ప్రమాదంలో ఉందా లేదా అన్నది వేరే సంగతి, రాసిపెట్టుకుంటే నష్టం లేదు కదా.

సరే, గంజాయి తరఫున ఎవరు పోరాడారు? జుట్టు పెంచుకుని, గిటారు వాయించుకుంటూ, ప్రపంచ శాంతి గురించి మాట్లాడే కుర్రాళ్లు అనుకుంటే మీరింకా 1969లో ఉన్నారు. సూటు వేసుకున్న ట్రూలీవ్ అనే కంపెనీ పోరాడింది. ఫ్లోరిడాలో వైద్య గంజాయి అమ్మే అతి పెద్ద కంపెనీ అదే. స్వేచ్ఛ కోసం అది పెట్టిన ఖర్చు 14 కోట్ల డాలర్లకు పైమాటే. గాంధీగారు ఉప్పు కోసం ఇందులో వందో వంతు కూడా పెట్టి ఉండరు. ప్రకటనల్లో మాత్రం కంపెనీ ఊసు ఎక్కడా ఉండదు. పెద్దవాళ్లు తమ నిర్ణయాలు తాము తీసుకోవాలి, సరుకు కల్తీ లేకుండా ఉండాలి, చిన్న మోతాదు దొరికినందుకు కుర్రాళ్ల బతుకులు పాడు కాకూడదు అన్నారు. అన్నీ మంచి మాటలే. నేనూ కాదనను.

అయితే ఆ మంచి మాటల కింద సవరణలో ఏముందో చదివితే, ఇప్పటికే లైసెన్సు ఉన్న వైద్య గంజాయి కేంద్రాలు రేపటి నుంచి అందరికీ అమ్ముకోవచ్చు. కొత్తవాళ్లకు లైసెన్సులు ఇవ్వాలా వద్దా అన్నది శాసనసభ దయ. మూడు ఔన్సులు, అంటే ఓ 85 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. ఇంట్లో ఒక్క మొక్క పెంచుకోవచ్చా? ఆ మాట సవరణలో లేదు. పెంచితే నేరం, అప్పుడూ ఇప్పుడూ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఏనాడో అన్నారు. దాన్ని ఇంత శ్రద్ధగా అమలు చేస్తున్నది ఫ్లోరిడా ఒక్కటే అయ్యుంటుంది. పెరట్లోది గంజాయి, కంపెనీ సీసాలోది స్వేచ్ఛ.

ఈ లైసెన్సులు ఎలా వచ్చాయన్నదీ ముచ్చటే. 2014లో వైద్యం పేరుతో తొలి చట్టం చేసినప్పుడు, గంజాయి పెంచడానికి అర్హత కావాలంటే ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న నర్సరీ అయి ఉండాలి, నాలుగు లక్షల మొక్కలు పెంచే అనుమతి ఉండాలి అన్నారు. బంతిపూలు పెంచిన అనుభవమైనా సరే. గంజాయి పెంచడంలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు రాష్ట్రంలో లేకపోలేదు, కానీ వాళ్ల సంగతి అప్పటికే జైళ్ల శాఖ చూసుకుంటోంది.

ఇక అవతలి పక్షం. ఇక్కడ గవర్నర్‌గారి ఘ్రాణశక్తిని మెచ్చుకోవాలి. ఇది చట్టమైతే మన ఊళ్లన్నీ గంజాయి కంపు కొడతాయి అన్నదే ఆయన ప్రధాన అభ్యంతరం. ఆరోగ్యం, రోడ్డు ప్రమాదాలు, పిల్లలు కూడా ఉన్నాయి గానీ, మాట మాటకీ తిరిగొచ్చేది మాత్రం వాసన. రాజ్యాంగ చరిత్రలో భావప్రకటనా స్వేచ్ఛ గురించి, ఆస్తిహక్కు గురించి మహా మహా చర్చలు జరిగాయి. ముక్కు గురించి జరగడం ఇదే మొదలు. కాకపోతే చిన్న చిక్కు ఉంది. 2016లో 71 శాతం ఓట్లతో వైద్య గంజాయి గెలిచాక, కావాలంటే చుక్కల మందుగా వేసుకోండి గానీ పొగ తాగకూడదని శాసనసభ అడ్డు పెట్టింది. 2019లో, పదవిలోకి వచ్చీ రాగానే, ఆ అడ్డు తీసేయండి, ప్రజల తీర్పును గౌరవించండి అని పట్టుబట్టి బిల్లు మీద సంతకం చేసిన గవర్నర్ ఎవరో కాదు, డిశాంటిసే. అప్పటిది రోగుల పొగ. డాక్టరు చీటీ ఉన్న పొగకు వాసన రాదు.

ఆ గవర్నరే 2024 జూన్‌లో హెంప్ ఉత్పత్తుల మీద ఆంక్షలు పెట్టే బిల్లును వీటో చేశారు. హెంప్ అంటే గంజాయికి పెదనాన్న కొడుకు. మొక్క అదే, మత్తు పదార్థం తక్కువగా ఉంటుందని 2018లో ఫెడరల్, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం దాన్ని విడిగా కూర్చోబెట్టింది. అందులోంచి డెల్టా-8 అని ఒకటి తీసి, గమ్మీల్లో పెట్టి, పెట్రోలు బంకుల్లో అమ్ముతారు. అదీ ఎక్కుతుంది. చిన్న వ్యాపారులు నష్టపోతారని గవర్నర్‌గారు వీటోకు కారణం చెప్పారు. మూడో సవరణను ఓడించడానికి ఆ చిన్న వ్యాపారుల నుంచి చందాలు ఆశిస్తున్నారని పత్రికలు రాశాయి. పత్రికలకు ఏం పని?

చందాల మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. వద్దు అన్న పక్షానికి హెడ్జ్ ఫండ్ అధిపతి కెన్ గ్రిఫిన్ 1.2 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆయన డబ్బు ఆయనిష్టం. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు గంజాయి ప్రమాదాల మీద టీవీ ప్రకటనలు వేశాయి, సరిగ్గా ఎన్నికల ముందు. ఆ డబ్బు పన్ను కట్టేవాళ్లది, వాళ్లలో 56 శాతం మంది అవుననబోతున్నవాళ్లు. అసలు రుచికరమైన కథ మాత్రం 2025లో బయటికొచ్చింది. పేదల వైద్యానికి సంబంధించిన మెడికెయిడ్ కాంట్రాక్టరు ఒకరు ప్రభుత్వంతో వివాదం సెటిల్ చేసుకుంటూ 6.7 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. అందులో కోటి డాలర్లు గవర్నర్ సతీమణి కార్యక్రమం హోప్ ఫ్లోరిడాకు చెందిన ఫౌండేషన్‌కు వెళ్లాయి. అక్కడి నుంచి రెండు సంస్థలకు చెరో యాభై లక్షలు. ఆ రెండు సంస్థల నుంచి అధిక భాగం మూడో సవరణను ఓడించడానికి పెట్టిన కమిటీకి. ఆ కమిటీ పగ్గాలు గవర్నర్‌గారి చీఫ్ ఆఫ్ స్టాఫ్ చేతిలో. అంతా చట్టప్రకారమే జరిగిందని గవర్నర్, ఆయన మనుషులు అంటున్నారు. ఆయన పార్టీకే చెందిన ఒక శాసనసభ్యుడు మాత్రం ఆ మాట నమ్మలేదు, విచారణ మొదలుపెట్టాడు. గంజాయి మనిషిని గమ్యం లేకుండా తిప్పుతుందంటారు. ఆ కోటి డాలర్లు గంజాయి ముట్టకుండానే ఇంత తిరిగాయి.

మధ్యలో ట్రంప్‌గారు కూడా ఫ్లోరిడా ఓటరుగా తన ఓటు అవునుకే అని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆయనా ఒక షరతు పెట్టారు. బహిరంగ స్థలాల్లో తాగకుండా చట్టం చేయాలట, ఊళ్లన్నీ వాసన కొట్టకూడదట. చూశారా, ఓటులో భేదం ఉన్నా ముక్కులో లేదు.

ఇటు స్వేచ్ఛ పేరుతో కంపెనీ, అటు సంస్కారం పేరుతో ప్రభుత్వం, ఇద్దరూ తమను గంజాయివనంలో తులసిమొక్కలుగానే పరిచయం చేసుకున్నారు. మధ్యలో జేబులో రెండు సిగరెట్లంత గంజాయితో దొరికి కేసులో ఇరుక్కున్న కుర్రాడు ఒకడుండాలి. వాడి కోసమే కదా ఇదంతా. ప్రకటనల్లో అప్పుడప్పుడూ వాడి పేరు చెప్పి వదిలేశారు. ఫ్లోరిడా చట్టంలో 20 గ్రాముల దాకా దొరికితే ఏడాది వరకూ జైలు పడొచ్చు. మన దేశంలో మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిలో దాకా చిన్న మొత్తం అంటుంది, దానికీ గరిష్ఠంగా ఏడాదే. యాభై రెట్లు ఉదారంగా ఉన్నాం. ఈ సంగతి మన పోలీసులకు చెప్పి టెన్షన్ పెట్టకండి.

మన దగ్గర ఇలాంటి విషయాలు ప్రజల ఓటుకు పెట్టే పద్ధతి లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో గంజాయి ఎవరి హయాంలో ఎక్కువ పండింది అన్నదే మనకు చర్చ. ఈ విషయంలో రెండు పక్షాలూ అవతలివాళ్లకే ఘనత కట్టబెట్టే వినయం చూపిస్తాయి.

టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పరిస్థితి చిత్రమైనది. హెచ్1బీ మీదున్నా, గ్రీన్‌కార్డు వచ్చినా ఓటు లేదు. సవరణ గెలిచి ఉన్నా వాళ్లకు ఒరిగేదీ లేదు, ఎందుకంటే రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. 1970 నుంచి అది గంజాయిని హెరాయిన్ పక్కనే కూర్చోబెట్టింది, 2024 ఎన్నికల నాటికీ లేవనివ్వలేదు. ఇమిగ్రేషన్ ఇంటర్వ్యూలో, తాగాను, మా రాష్ట్రంలో అది చట్టబద్ధమేనండీ అని నిజం చెబితే గ్రీన్‌కార్డుకే ఎసరు. అబద్ధం చెబితే ఇంకా పెద్ద ఎసరు. అయినా వీకెండ్ పార్టీల్లో దీని మీద మనవాళ్లు చర్చించుకోకుండా ఉంటారా? పెద్దాయన ఒకరు ఐదో పెగ్గు చేతిలో పట్టుకుని, ఈ మత్తు పదార్థాలు సమాజాన్ని నాశనం చేస్తాయి బాబూ అంటే, కుర్రాళ్లు అవునంకుల్ అంటారు. ఇళ్ల రేట్లు పడిపోతాయేమో అని ఇంకొకాయన. సభ ఏకగ్రీవం. నూటికి నూరు శాతం వచ్చింది గానీ, ఆ గదిలో ఓటున్నవాళ్లు ఎందరో లెక్కపెట్టలేదు.

ఓడినవాళ్లు 2026 కోసం మళ్లీ సంతకాల సేకరణకు దిగారు. ఇలా మాటిమాటికీ ప్రజలను అభిప్రాయం అడగడం మంచిది కాదని శాసనసభకు అనిపించింది. 2025లో కొత్త చట్టం చేసింది. ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోకుండా ఎవరైనా పాతికకు మించి సంతకాల పత్రాలు దగ్గర పెట్టుకుంటే అది మూడో తరగతి ఫెలనీ, అంటే తీవ్ర నేరం, ఐదేళ్ల దాకా జైలు. 20 గ్రాములకు మించి గంజాయి దగ్గర పెట్టుకున్నా అదే మూడో తరగతి ఫెలనీ, అదే ఐదేళ్లు.

కాబట్టి ఫ్లోరిడాలో ఉన్న పాఠకులు సంచీ సర్దుకునేటప్పుడు రెండూ తూచుకోండి. సొంత కుటుంబసభ్యుల సంతకాలకు మాత్రం మినహాయింపు ఉంది. గంజాయికి అదీ లేదు.