కిడ్నీ దేశం దాటితే తప్పేం కాదు, లెక్క ఎవరు రాస్తున్నరన్నదే అసలు సంగతి

2016 జనవరిలో నల్గొండ పోలీసులు కిడ్నీ రాకెట్ బయటపెట్టినప్పుడు మన జిల్లా పేరు దేశమంతా వినపడ్డది, పైసల ఆశ చూపి మనుషుల్ని కొలంబో తీసుకపోయి కిడ్నీలు తీయిస్తున్నరని కేసు, ఆ దెబ్బకు శ్రీలంక సర్కారు విదేశీయులకు కిడ్నీ మార్పిడి ఆపరేషన్లే ఆపేసింది. అప్పటి సంది అవయవం దేశం దాటుడంటే దళారీ పనే అనుకునుడు మనకు అలవాటైంది.

యూరప్‌ల మాత్రం చనిపోయినోళ్ల అవయవాలు దేశం దాటుడు 1967 నుంచే పద్ధతి ప్రకారం నడుస్తున్నది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌ల యూరోట్రాన్స్‌ప్లాంట్ ఆఫీసుంది, జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియం, హంగరీ, క్రొయేషియా, స్లోవేనియా, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్, ఈ ఎనిమిది దేశాల పేషెంట్లకు మ్యాచింగ్ అంతా అక్కడ్నుంచే. ఎందుకంటే బ్లడ్ గ్రూప్ ఒక్కటి కలిస్తే చాలదు, టిష్యూ కూడా కుదరాలె, వేరేటోళ్ల అవయవాన్ని తిప్పికొట్టే యాంటీబాడీలు ఒంట్లో బాగా ఉన్నోళ్లకైతే లక్సెంబర్గ్ లాంటి చిన్న దేశంలో సరిపోయే కిడ్నీ దొరుకుడు చానా కష్టం.

చట్టాలు మాత్రం అందరివీ ఒక్కటి కావు. ఆస్ట్రియాల చనిపోయినంక అవయవాలు తీసుకోవద్దని ముందే రాసిపెట్టకపోతే ఒప్పుకున్నట్టే, జర్మనీల అట్ల కాదు, మనిషో ఇంటోళ్లో ఒప్పుకోవాలె. అయినా పొత్తు నిలబడ్డది, ఏ దేశం ఎన్ని కిడ్నీలు ఇచ్చింది ఎన్ని తీసుకున్నది అన్నది కూడా కిడ్నీ ఎవరికియ్యాలో తేల్చే పాయింట్లలో కలుపుతరు కాబట్టి. చిట్టీ కట్టకుండ పాట పాడనియ్యరు గదా, అట్లనే. నా లెక్కల డాక్టర్ల నైపుణ్యం కన్నా గొప్ప సంగతి ఇదే.

మన దగ్గర 1994 అవయవ మార్పిడి చట్టం అమ్మకాన్ని నేరం చేసింది, మంచిదే, కానీ చనిపోయినోళ్ల నుంచి అవయవాలు సరిపోను రాకుంటే దళారీకి గిరాకీ తగ్గదు. విజయవాడ హైవే మీద, జడ్చర్ల దిక్కు 44వ నంబర్ రోడ్డు మీద తలకు దెబ్బ తగిలి ఐసీయూలకు వచ్చేటోళ్లు ఎంతమందో. వాళ్లల్ల మెదడు పూర్తిగా ఆగిపోయినోళ్ల అవయవాలు తీసుకోవచ్చు, కానీ బ్రెయిన్ డెడ్ అని చెప్పాలంటే నలుగురు డాక్టర్ల బోర్డు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయాలె, ఆ తర్వాత ఒంట్లకెంచి తీసినంక గుండెకు ఉండే టైం సుమారు నాలుగు గంటలే, కిడ్నీకైతే సుమారు ఒక రోజు.

మార్పిడి చేయని ఆస్పత్రి కూడా అవయవాలు సేకరించే సెంటర్‌గా రిజిస్టర్ కావచ్చని ఆ చట్టానికి 2011ల చేసిన సవరణ దారి ఇచ్చింది, కాబట్టి నల్గొండ, మహబూబ్‌నగర్ సర్కారు దవాఖాన్లల్ల ఈ పని గట్టిగ సాగాలె. ఇంకోటి, జిల్లాల వారీగా ఎన్ని బ్రెయిన్ డెత్‌లు ప్రకటించిన్రు, ఎన్ని కుటుంబాలను అడిగిన్రు, ఎంతమంది కాదన్నరు, వచ్చిన అవయవాలల్ల సర్కారు ఆస్పత్రులకు ఎన్ని, ప్రైవేటుకు ఎన్ని పోయినయి, ఇదంతా అవయవ దానం చూసే రాష్ట్ర సర్కారు పథకం జీవన్‌దాన్ ప్రతి నెలా జనం ముందు పెట్టాలె.