బానెట్ మీద బొటనవేలు నొక్కి కారు కొనకండి

ఖమ్మంలో ఉండే మా అక్కావాళ్ళు కారు కొనాలనుకుంటున్నారు. నలుగురు పెద్దవాళ్ళు, ఒక చిన్నపిల్ల ఉన్న ఇల్లు. చాలా కార్లు చూశాక టాటా నెక్సానా, మారుతి బ్రెజానా అన్న దగ్గర ఆగారు. సరిగ్గా ఆ వారమే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక పాత మెసేజ్ మళ్ళీ తిరిగింది. మీకూ ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది. దాని సారం ఇది:

"నెక్సాన్ బరువైన ఇనుము, బ్రెజా రేకు డబ్బా. బానెట్ మీద బొటనవేలితో నొక్కితే మీకే తెలుస్తుంది. నెక్సాన్‌కు 5 స్టార్లు, మారుతి కార్లకు 5 స్టార్లు రానే రావు. రెండూ 4 మీటర్ల లోపు కార్లే, పన్ను ఒకటే, ధరలో తేడా అంతా కంపెనీ లాభం. నెక్సాన్‌లో డీజిల్ తీసుకుంటే రెండేళ్ళలో ఆ డబ్బు తిరిగొస్తుంది. ఇంకేం ఆలోచించకుండా బుక్ చేసేయండి."

బావగారు నిజంగానే బుక్ చేయబోయారు, నేనే ఆపాను. నెక్సాన్ చెడ్డ కారని కాదు, చాలా మంచి కారు. చివరికి వాళ్ళు దాన్నే తీసుకోవచ్చు కూడా. కానీ ఆ మెసేజ్ చెప్పే కారణాల్లో చాలావరకు తప్పు. తప్పు కారణంతో కొన్నవాళ్ళు తమకు సరిపడని వేరియంట్ కొంటారు. కారే కాపాడుతుందిలే అనుకుని బెల్టు పెట్టుకోరు. నా భయమంతా ఈ రెండోదాని గురించే.

ముందు బొటనవేలి సంగతి చూద్దాం. ఏ కంపెనీ కారైనా మనకు పైకి కనిపించే రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గోడ మీద రంగు తట్టి చూసి ఇల్లు ఎంత గట్టిదో చెప్పగలమా? స్తంభాలు, దూలాలు చూడాలి. కారుకూ స్తంభాలుంటాయి. ముందు అద్దానికి రెండు పక్కలా, ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య నిలువుగా ఉండేవి అవే. వాటితో పాటు తలుపుల కింద అడ్డంగా వెళ్ళే పట్టీలు, ఫ్లోరు కింది దూలాలు కలిసి మనుషులు కూర్చునే గదిని నిలబెడతాయి. ఎక్కువ బలమున్న ఉక్కు వాడేది అక్కడ. అది మీ బొటనవేలికి అందదు.

ముందు భాగం నలగడం లోపం కాదు, దాన్ని అలా నలగడానికే తయారుచేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను ముందు భాగం తాను నలిగి తీసుకుంటే, లోపల కూర్చున్నవాళ్ళ దాకా చేరేది తగ్గుతుంది. అది నలగకపోతే ఆ దెబ్బ మన ఛాతీ మీద పడుతుంది. బానెట్ కాస్త మెత్తగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. రోడ్డు దాటే మనిషి తల దానికి తగిలినప్పుడు అది లోపలికి వంగాలి. మెసేజ్ ఎగతాళి చేస్తున్న ఆ గుణం పాదచారి ప్రాణం కోసం పెట్టింది.

"బరువే భద్రత" అన్న మాటను పడగొట్టడానికి నెక్సాన్ చరిత్రే చాలు. 2018 ఆగస్టులో, కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో నెక్సాన్‌కు 4 స్టార్లు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో 5 వచ్చాయి. మన దేశంలో తయారైన కారుకు 5 స్టార్లు రావడం అదే మొదటిసారి, అది గర్వించాల్సిన విషయమే. అయితే ఆ నాలుగు నెలల్లో ఎవరూ రేకు మందం పెంచలేదు. ముందు సీట్లు రెండింటికీ బెల్టు గుర్తుచేసే అలారం అన్ని వేరియంట్లలోనూ పెట్టారు, పక్కనుంచి గుద్దే పరీక్షలో నెగ్గారు. ఇక రెండో వైపు చూస్తే, 2024 నవంబరులో మారుతి డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది. అది టన్నుకు కాస్త అటూ ఇటూ తూగే కారు, నెక్సాన్ కన్నా ఎంతో తేలిక. దీంతో "మారుతికి 5 స్టార్లు రానే రావు" అన్న మాట కూడా పోయింది.

బరువుకు విలువే లేదని నేను అనను. రెండు కార్లు ఎదురెదురుగా గుద్దుకుంటే తేలిక కారులో ఉన్నవాళ్ళకే ఎక్కువ దెబ్బ. అయితే నెక్సాన్‌కూ బ్రెజాకూ మధ్య తేడా ఒకరిద్దరు మనుషుల బరువంత. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద మనకు ఎదురయ్యేది ఏమిటి? పదుల టన్నుల లారీ. దాని ముందు ఈ తేడా లెక్కలోకి రాదు.

స్టార్ల దగ్గర మెసేజ్‌లో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. ఇప్పటి నెక్సాన్‌కు 2024 ఫిబ్రవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనూ, అదే ఏడాది అక్టోబరులో అలాంటిదే అయిన మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లోనూ 5 స్టార్లు వచ్చాయి, పెద్దలకూ పిల్లలకూ. భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల భద్రతకు 32కి 29.41, పిల్లల భద్రతకు 49కి 43.83 మార్కులు. భద్రత ఒక్కటే చూసి ఎంచుకునేవాళ్ళకు ఇది గట్టి ఆధారం. బ్రెజా పేరు మీద ఆ మెసేజ్‌తో పాటు తిప్పుతున్న 4 స్టార్ల ఫోటో మాత్రం 2018లో పరీక్షించిన విటారా బ్రెజాది. 2022 జూన్‌లో కొత్త తరం కారు వచ్చింది, పేరులోంచి విటారా కూడా తీసేశారు. పాత కారు మార్కుల్ని కొత్త కారుకు అంటించకూడదు, మంచికైనా చెడుకైనా. బ్రెజా షోరూంకు వెళ్తే మొహమాటపడకుండా, "మీరు అమ్ముతున్న ఈ మోడల్‌కు భారత్ ఎన్‌క్యాప్ రిపోర్టు ఉందా? ఉంటే చూపించండి" అని అడగండి.

పాత నెక్సాన్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకు కూడా ఒక మాట. 2018 డిసెంబరు నాటి ఆ 5 స్టార్లు ముందు సీట్లలోని పెద్దవాళ్ళకే. పిల్లల భద్రతకు అప్పుడు వచ్చినవి 3. మెసేజ్‌లో ఆ ముక్క ఎప్పుడూ ఉండదు.

ఇక పన్ను. ఇది పూర్తిగా అబద్ధం, డబ్బు విషయంలో ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తున్నదీ ఇదే. రెండు కార్లూ 3,995 మిల్లీమీటర్ల పొడవే, అది నిజం. కానీ జీఎస్‌టీలో చిన్న కారు అనిపించుకోవడానికి పొడవొక్కటే చాలదు. పెట్రోలు, సీఎన్‌జీ అయితే ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. నెక్సాన్ పెట్రోలు 1199 సీసీ, డీజిల్ 1497 సీసీ, రెండూ గీత లోపలే. బ్రెజా పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ, గీత బయట. 2025 సెప్టెంబరు 22 దాకా సెస్సుతో కలిపి నెక్సాన్ పెట్రోలు మీద 29 శాతం, డీజిల్ మీద 31 శాతం పన్ను ఉండేది. బ్రెజా మీద 45 శాతం. ఆ రోజు నుంచి నెక్సాన్‌కు 18, బ్రెజాకు 40 అయ్యాయి.

ఒక లెక్క వేద్దాం. పన్నుకు ముందు రెండు కార్ల ధరా 7 లక్షలే అనుకుందాం. 18 శాతం అంటే 1 లక్షా 26 వేలు. 40 శాతం అంటే 2 లక్షల 80 వేలు. కారు తయారీకి సంబంధం లేకుండా, పన్ను రూపంలోనే లక్షా 54 వేల తేడా వచ్చేసింది. దాన్ని కంపెనీ లాభం అనడం అన్యాయం. అందుకే షోరూంలో ఆన్‌రోడ్ ధర అడిగి ఊరుకోవద్దు. ఎక్స్ షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేర్వేరుగా రాయించుకోండి. ఎక్స్ షోరూం ధర 10 లక్షలు దాటితే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారుతుంది. గీతకు దగ్గరగా ఉన్న వేరియంట్ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇక్కడ బ్రెజా వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఆ పెద్ద ఇంజిన్‌కు 4 సిలిండర్లు, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచేది) లేదు. నెక్సాన్ పెట్రోలుకు 3 సిలిండర్లు, టర్బో ఉంది. 120 పీఎస్ శక్తి, 170 ఎన్ఎం లాగే బలం అని కాగితం మీద నెక్సానే ఎక్కువ, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కానీ మా అక్క రోజూ నడపబోయేది ఖమ్మం బజార్లలో, రెండో గేరులో. అక్కడ తక్కువ స్పీడులో మెత్తగా కదిలే ఇంజిన్‌తో కాలికి హాయి. టెస్ట్ డ్రైవ్‌లో అక్కకు బ్రెజాయే నచ్చింది. పన్ను ఎక్కువైనా దాన్ని కొనేవాళ్ళు అమాయకులేం కాదు.

డీజిల్ మాట కొందరికి నిజం, మా బావగారికి కాదు. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. ఊళ్ళో పెట్రోలు కారు లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిల్ 18 ఇస్తుందని వేసుకుంటే కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల 30 పైసలు. డీజిల్ వేరియంట్‌కు లక్షా 20 వేలు అదనంగా పెడితే ఆ సొమ్ము తిరిగి రావడానికి 52 వేల కిలోమీటర్లు తిరగాలి. బావగారు ఏడాదికి తిరిగేది 8 వేలు. అంటే ఆరున్నరేళ్ళు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే మెసేజ్ చెప్పినట్టే రెండేళ్ళు దాటగానే వస్తుంది. పైగా ఇప్పటి కాలుష్య నిబంధనల (బీఎస్ 6) ప్రకారం చేసిన డీజిల్ కారు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ స్కూలు, కూరగాయల మార్కెట్ మధ్య తిరిగే బండికి అది కుదరదు. బ్రెజాలో అయితే 2020 తర్వాత డీజిల్ లేనే లేదు.

సీఎన్‌జీ గురించి మెసేజ్‌లో లేదు కానీ అడిగేవాళ్ళు చాలామంది. 2023 మార్చిలో వచ్చిన బ్రెజా సీఎన్‌జీలో గ్యాస్ సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, సూట్‌కేసులు పట్టవు. నెక్సాన్ సీఎన్‌జీలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పడుకోబెట్టారు కాబట్టి 321 లీటర్ల చోటు మిగులుతుంది. పండక్కి ఊరెళ్ళే కుటుంబానికి ఇది పెద్ద విషయం.

మళ్ళీ భద్రత దగ్గరికే వస్తాను. భారత్ ఎన్‌క్యాప్‌లో ముందు నుంచి గుద్దే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు, అది కూడా లోపలి బొమ్మలకు బెల్టులు పెట్టి. ఆ 5 స్టార్లు బెల్టు పెట్టుకున్నవాళ్ళవి. బెల్టు లేనివాళ్ళకు ఎన్ని స్టార్లో ఎవరూ పరీక్షించలేదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన ప్రయాణించింది మెర్సిడెస్ ఎస్‌యూవీ, నెక్సాన్ కన్నా బ్రెజా కన్నా ఎంతో బరువైనది. ఆయన కూర్చున్నది వెనక సీట్లో. వెనక ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు, ఇద్దరూ బతకలేదు. వెనక సీటు బెల్టు మన చట్టం ప్రకారం తప్పనిసరి. అయినా మన ఇళ్ళలో వెనక బెల్టు బకిల్ సీటు సందులోకి నెట్టేసి, పైన కవర్ తొడిగించేస్తాం. పాపను ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ పాప ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు కడుపులో తిప్పుతుంది.

అందుకే బావగారిని మూడు పనులు అడిగాను. సీటు కవర్లు వేయించేటప్పుడు బకిళ్ళు పైకే ఉంచమన్నాను. పాపకు వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే చైల్డ్ సీటు కొనమన్నాను, ఆ కొక్కేలు రెండు కార్లలోనూ ఉన్నాయి. మూడోది, వాళ్ళింట్లో ఉండే అత్తయ్య లేకుండా ఏ కారూ ఖాయం చేయొద్దన్నాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బ్రెజా ఎత్తు 1,685 మిల్లీమీటర్లు, నెక్సాన్ 1,620. కానీ ఎక్కి దిగడం ఏ కారులో సులువో అంకెలు చెప్పలేవు, ఆవిడ కాలే చెప్పాలి.

ఈ ఆదివారం అందరం రెండు షోరూంలకూ వెళ్తున్నాం. అత్తయ్య వెనక సీట్లో మధ్యలో కూడా కూర్చుని చూస్తానంటున్నారు, ఊరెళ్ళేటప్పుడు ఆవిడ చోటు అదేనట. చైల్డ్ సీటు నిన్ననే వచ్చింది, దాన్నీ వెంట తీసుకెళ్తున్నాం.